చెప్పి వెళ్లిన తల్లి

మా మనవరాలికి తొమ్మిదో నెల నిండేసరికి కోడలి సెలవులు అయిపోయాయి. ఆమె ఉద్యోగం నయా రాయపూర్‌లో. రాయపూర్‌లోని మా రైల్వే క్వార్టర్ నుంచి పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. అబ్బాయి ఆయాను పెడదామన్నాడు. నాకు ఓపిక ఉండగా ఇంకొకరికి జీతం ఎందుకని నేనే ఒప్పుకోలేదు.

"ఇద్దర్ని పెంచినాను, దీన్ని సూసుకోలేనా?" అన్నాను.

పిల్ల ఏడవకుండా తల్లిని పంపడానికి నా దగ్గర పాత ఉపాయం ఒకటుంది. పిల్లను చంకనేసుకుని వెనక వరండాలోకి వెళ్లి, పట్టాల మీద పోయే గూడ్సు బండిని చూపిస్తాను. ఆ బండంటే దానికి ప్రాణం. అది బండి డబ్బాలు చూస్తుండగా కోడలు చెప్పులు చేత్తో పట్టుకుని ముందు గుమ్మంలోంచి జారుకుంటుంది. నా పిల్లల్ని వదిలి రేషను కోసం వెళ్లినప్పుడు నేనూ ఇలాగే జారుకునేదాన్ని.

వారం రోజులు బాగానే నడిచింది. తర్వాత పిల్ల మారిపోయింది. సాయంత్రం తల్లి వచ్చిందంటే ఇక ఆమె కుర్తా అంచు వదలదు. తల్లి స్నానానికి వెళితే తలుపు దగ్గర కూర్చుని ఏడుపు. పొద్దున నేను వెనక వరండా వైపు అడుగు వేస్తే చాలు, వెనక్కి విరుచుకుని కేకలు. బండి కూత వినబడితే చటుక్కున ముందు గుమ్మం వైపు తల తిప్పేది. అంత ఇష్టమైన బండి దానికి శత్రువైపోయింది.

ఆదివారం కోడలు నా పక్కన కూర్చుని, "అత్తయ్యా, నౌకరీ మానేస్తానని కాగితం రాసి పర్సులో పెట్టుకున్నాను. ఇంకో రెండు మూడు వారాలు చూస్తాను" అంది.

"ఏడిస్తే ఏడుస్తాది, అదే ఊరుకుంటాది. దానికే నౌకరీ ఒగ్గేస్తావా?"

"ఏడుపుకి కాదు అత్తయ్యా. నేను ఎప్పుడు మాయమైపోతానో దానికి తెలీట్లేదు. అందుకే వదలట్లేదు. రేపట్నుంచి దొంగలా పోను, చెప్పే వెళ్తాను."

"తొమ్మిది నెలల పిల్లకి ఏటి సెప్తావు, బస్సు టైమా?"

"అదే చెబుతాను."

సోమవారం కోడలు పిల్ల ముందే కూర్చుని చెప్పులు వేసుకుంది. "అమ్మ ఆఫీసుకి వెళ్తోంది. సాయంత్రం వచ్చేస్తుంది. నానమ్మ నీతోనే ఉంటుంది" అంది. పిల్ల పెట్టిన కేకకి పక్క క్వార్టర్ కిటికీ తెరుచుకుంది. గేటు దగ్గర ఆగి చెయ్యి ఊపి వెళ్లిపోయింది కోడలు. నాకు ఒళ్లు మండింది. ఏడ్చే పిల్లను అదేపనిగా ఎత్తుకుంటే చేతులకి అలవాటు పడుతుందనేదాన్ని నేను. ఆ రోజు మాత్రం అది నా మెడలో మొహం దాచుకుని ఎక్కిళ్లు పెడుతుంటే దించలేకపోయాను. పప్పు మాడింది, గ్యాసు దండగ. అయినా దించలేదు.

రోజూ అదే చోటు, అవే మాటలు. సాయంత్రం సంచీ దించకముందే కోడలు గుమ్మంలో కూర్చుని, "అమ్మ వచ్చేసింది, చూడు" అనేది. ఏడుపు రోజురోజుకీ తగ్గింది. మూడో వారం ఒక పొద్దున, తల్లి గేటు దాటగానే పిల్ల ముక్కు నా భుజానికి తుడుచుకుని, తనే వెనక వరండా వైపు చెయ్యి చాపింది. తీసుకెళ్లాను. బండి పోతోంది. కాసేపు చూసింది, తల తిప్పి నా మొహం చూసింది, మళ్లీ బండిని చూసింది.

ఆ సాయంత్రం కోడలు పర్సులోని కాగితం తీసి చింపబోయింది.

"ఎనక ఖాళీగా ఉంది, ఇలా ఇయ్యి" అన్నాను. దాని మీద కూరల పట్టీ రాసుకున్నాను.

ఆదివారం ఆ పట్టీ పట్టుకుని బజారుకు బయల్దేరాను. కోడలు పిల్లను ఎత్తుకుని నిలబడింది. మామూలుగా అయితే చప్పుడు లేకుండా వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు దాని ముందే చెప్పులు వేసుకుని, "నానమ్మ బజారుకెళ్లి వస్తాది" అన్నాను. పిల్ల మూతి ముడుచుకుని, నా కోసం ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు వింటూ గేటు దాకా నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నా కోడలు మూడు వారాలు రోజూ నడిచింది.