గుడ్లు పెట్టిన ఏనుగు

కన్నవాళ్లు పెట్టిన పేరుతో అతన్ని పిలిచేవాళ్లు ఆ ప్రెస్సులో ఎవరూ లేరు. అందరికీ అతను సిరా. గోళ్ల సందుల్లో, మోచేతి మడతల్లో చేరిన నలుపు ఏ సబ్బుకీ లొంగలేదు. "పెళ్లిలో ఈయన చెయ్యి పట్టుకున్నాక నేను చేసిన మొదటి పని నా చెయ్యి కడుక్కోవడం" అని భార్య ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అతను కూడా పక్కనే కూర్చుని నవ్వుతాడు.

సిరా బడికి వెళ్లింది తక్కువ. వెళ్లిన కాలమంతా గోడకి ఆనుకుని నిలబడటంతోనే సరిపోయింది. ఎందుకు నిలబెట్టారో గోడకి తెలియదు, నిలబెట్టిన మాస్టారికి గుర్తుండేది కాదు. చదువు అతనికి వచ్చింది ప్రెస్సు చెత్తబుట్టలోంచి. పాడైన కాగితాలు ఏరుకుని, ఇంటి మెట్ల మీద కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాడు. తప్పు లేకుండా మొట్టమొదట చదివింది ఒక దగ్గుమందు లేబులు. "తాగే ముందు బాగా కలపవలెను." ఆ తర్వాత ఎన్ని చదివినా అంత పనికొచ్చే మాట ఇంకెక్కడా కనబడలేదంటాడు.

అలాంటివాడి ఇంట్లో పుట్టిన పిల్ల, చేతికిచ్చిన బొమ్మల పుస్తకమల్లా గడగడా చదివేస్తుంటే మనిషి నేల మీద నిలుస్తాడా? ఆరేళ్ల కూతురు. చేసే అల్లరికి ఇంట్లోవాళ్లు గడుగ్గాయి అని పిలిచేవాళ్లు. వేలు పెట్టి, తల ఊపుతూ, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి మరీ చదివేది. పెద్దవాళ్లకి పిల్లల చదువంటే చుట్టాలు రాగానే వాయించే డప్పు. సిరా మంచివాడే గానీ, ఆ డప్పు అతని చంకలోనూ ఉండేది.

ఒకసారి ప్రెస్సుకి పసిపిల్లల పుస్తకం పని వచ్చింది. ఒక్కో పేజీలో ఒక్కో జీవి, తన గురించి ఒక్క ముక్క చెప్పుకుంటుంది. బొమ్మలు ముందు అచ్చవుతాయి. రంగులు ఆరాక, వాటి కింద నల్లటి అక్షరాలు పడతాయి. రంగులు పడగానే సిరా ఒక కాగితం ఇంటికి తెచ్చాడు. అక్షరాలు ఇంకా లేవు.

"ఇదిగో ఏనుగు. దీని కింద ఏం రాబోతోందో తెలుసా? నేను తొండంతో స్నానం చేస్తాను."

"కాకి కింద?"

"నేను గూట్లో గుడ్లు పెడతాను."

కాగితం చివరికి వచ్చేసరికి పిల్లకి అన్నీ నోటికి వచ్చేశాయి.

అక్షరాలకి రెండు ప్లేట్లు, అంటే అచ్చు రేకులు. కాగితం ముందు వైపుకి ఒకటి, వెనక వైపుకి ఒకటి. ఆ మధ్యాహ్నం సిరా చూసుకోకుండా వాటిని తారుమారుగా మిషనుకి బిగించాడు. మిషను నడిపేవాడు నలుపు సమంగా పడిందా, అంచు కుదిరిందా అని చూస్తాడు గానీ ఏం రాసుందో చదువుతూ కూర్చోడు. నలుపు నిగనిగలాడుతూ పడింది. సంతోషంగా ఒక కాపీ మడిచి, పిన్నులు కొట్టించి, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లాడు.

ఇంట్లో బావ ఉన్నాడు. సిరా అక్క మొగుడు, ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా. మనిషి ఎప్పుడు పోతాడో లెక్కగట్టే చోట పనిచేసి పనిచేసి, దేన్నీ ఊరికే నమ్మని స్వభావం పట్టుబడింది. సిరా టీ కూడా తాగకుండా కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"చూడు బావా, ఈ పుస్తకం ఇవాళే పుట్టింది. ఇంకా సిరా వాసన కూడా పోలేదు. ఎలా చదువుతుందో విను."

గడుగ్గాయి గొంతు సవరించుకుంది. ఏనుగు బొమ్మ కింద వేలు పెట్టి "నేను తొండంతో స్నానం చేస్తాను" అంది. కాకి దగ్గరికి వచ్చి "నేను గూట్లో గుడ్లు పెడతాను" అంది. ఒక్క తడబాటు లేదు.

బావ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, పిల్ల భుజం మీదుగా వంగి చూశాడు. వెనక్కి జరిగాడు. మళ్లీ చూశాడు.

"ఏమే కోడలా, ఈ ఏనుగు కింద ఏమని ఉంది?"

"చెప్పాగా మావయ్యా. నేను తొండంతో స్నానం చేస్తాను."

"గుడ్లు పెడతానని ఉందే."

సిరా పుస్తకం లాక్కున్నాడు. ఏనుగు కింద, చక్కగా, నిగనిగలాడే నలుపులో: నేను గూట్లో గుడ్లు పెడతాను. పేజీ తిప్పాడు. చేప కింద: నేను గోడెక్కి, తెల్లారిందని కూస్తాను.

"బామ్మర్దీ, ఒక్క దెబ్బకి రెండు సంగతులు తేలాయి" అన్నాడు బావ తాపీగా. "నీ కూతురికి చదవడం రాదు. నీకు అచ్చెయ్యడం రాదు."

వంటగదిలోంచి భార్య అంది, "అన్నయ్యగారూ, మీకు ఊరుకోవడం రాదు. మూడు సంగతులు."

ఆ మాటకి నవ్వు రావలసింది. కానీ గడుగ్గాయి మొహం ముడుచుకుపోయింది. అందరూ తన వైపే చూస్తున్నారు. "పుస్తకం తప్పు" అని గొణిగింది. ఒళ్లోంచి జారి, మంచం కిందికి దూరిపోయింది.

బావ వెళ్లాక కూడా బయటికి రాలేదు. సిరా గుమ్మంలో కూర్చున్నాడు. రేపు ప్రెస్సులో పడబోయే తిట్ల సంగతి అతనికి తట్టనే లేదు. తట్టిందల్లా ఒకటే. చదవడం రాకపోవడం జబ్బు కాదు, వస్తుంది. రాదని నలుగురిలో తేలిపోయాక పుస్తకమంటే పుట్టే భయం మాత్రం కరుచుకుంటే వదలదు. తనని గోడకి నిలబెట్టిన బడి నేర్పింది ఆ భయమొక్కటే. అది ఈ పిల్లకి పట్టిందంటే దగ్గుమందు లేబులు కూడా విడిపించలేదు.

వెళ్లి మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. పుస్తకం తెరిచి, తనలో తను చదువుకుంటున్నట్టు అన్నాడు.

"ఏనుగు అంటోంది. నేను గూట్లో గుడ్లు పెడతాను."

పేజీని మంచం వైపుకి తిప్పాడు.

"ఎంత గూడు కావాలో పాపం."

"గూడు విరిగిపోతుంది" అంది చీకట్లోంచి చిన్న గొంతు.

"గుడ్డు ఎంతుంటుందో?"

"బిందెంత." కాసేపటికి తల బయటికి వచ్చింది. "ఆవు ఏమంటోంది?"

సిరా పేజీ చూసి నవ్వాపుకోలేకపోయాడు. నవ్వు ఎక్కువై, చదవబోతే మాట రావడం లేదు. పిల్ల అతని చెయ్యి పట్టుకుని గుంజింది.

"ఏమంటోంది నాన్నా, చెప్పు."

"నా వల్ల కాదు. నువ్వే చూసుకో."

పిల్ల బొమ్మ వైపు చూసింది. ఆవు గడ్డి మేస్తోంది. అందులో నవ్వేదేం లేదు. నవ్వంతా కింద ఆ నల్లటి గీతల్లోనే ఉంది. మొదటిసారి వేలు నిజంగా అక్షరం మీద ఆగింది. "నే... ను..." బడిలో పలక మీద దిద్దిన అక్షరాలే, ఇంతకాలం పలక దిగి రానివి. "క... ళ్ల... జో... డు." ఆగింది. కళ్లు పెద్దవయ్యాయి. "కళ్లజోడు పె... ట్టు... కు... ని..." ఒక్కో అక్షరాన్నీ ఈడ్చుకుంటూ చివరికి చేరింది. ఆవు కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుతుందట. చివరి పేజీలో తాత అనాల్సిన మాట. ఇద్దరూ నేల మీద దొర్లి నవ్వారు. భార్య గరిటతో వచ్చి, ఎవరికి దెబ్బ తగిలిందోనని చూసి, ఎవరికీ కాదని తేలాక తనూ కూర్చుంది.

మర్నాడు సిరా తనంతట తనే యజమాని ముందుకెళ్లి తప్పు చెప్పాడు. యజమాని తిట్లకి మిషను చప్పుడు చిన్నబోయింది. "కళ్లు ఇంట్లో తగిలించి వచ్చావట్రా?" అన్నాడు. మళ్లీ అచ్చెయ్యక తప్పదు, చెడినవన్నీ చిత్తు కాగితాల కింద పోవలసిందే. అంతా విన్నాక సిరా తల గోక్కున్నాడు.

"ఆ చెడినవి నాకిప్పించండి సార్."

"ఏం చేసుకుంటావురా వాటిని?"

"మా వీధి పిల్లలకిస్తాను. తప్పు పట్టుకోవాలంటే చదవాలి కదండీ."

యజమాని ఒక కాపీ తీసి చూశాడు. కప్ప, పాలు తాగి మూతి నాక్కుంటానంటోంది. పెదవి బిగబట్టుకున్నాడు. "తీసుకుపో. మన ప్రెస్సు పేరున్న ముక్క మాత్రం చింపెయ్. నా పరువు నాకు మిగల్చు."

ఆ వారంలోనే సిరా ఇంటి మెట్లు సంత అయిపోయాయి. పుస్తకం ఎప్పుడూ ముట్టని పిల్లలు కూడా ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ వంగేవాళ్లు. సరిగ్గా ఉన్న పుస్తకం ముందు పిల్లాడు ఎప్పుడూ దోషే, తప్పు వాడిదే. ఇక్కడ దోషి పుస్తకం, జడ్జీలు వీళ్లు. "అబద్ధం, చేప కుయ్యదు" అని ఒకడు తీర్పు చెబితే, "గోడెక్కితే కూస్తుందేమో" అని ఇంకొకత్తి అప్పీలు. గడుగ్గాయికి మంచం కింద దూరిన సంగతే గుర్తులేదు. చదవలేక ఆగిపోయినవాళ్లకి అక్షరం అందించే పనిలో తీరిక లేకుండా ఉంది.

కొన్నాళ్లకి సరైన పుస్తకం అచ్చయి ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రమే బావ కూడా వచ్చాడు. పిల్ల చదువుతోందని సిరా భార్య చెప్పినా నమ్మలేదు. ఈసారి సిరా డప్పు వాయించలేదు, పిలవనూ లేదు. బావే పుస్తకం తీసుకుని, పిల్లని వెనక్కి తిరగమని, మధ్యలో ఎక్కడో తెరిచాడు. బొమ్మని అరచేత్తో పూర్తిగా మూసేశాడు.

"ఇప్పుడు తిరుగు. చదువు చూద్దాం."

గడుగ్గాయి వంగి, వేలు పెట్టి, తొందరేం లేకుండా మొదలుపెట్టింది.

"నేను... గోడెక్కి... తెల్లారిందని... కూస్తాను."

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రెండో చెయ్యి మాత్రం బొమ్మ మీదే ఉంది.

"చెయ్యి తియ్యి మావయ్యా" అంది పిల్ల.

"ఎందుకే? చదివేశావుగా."

"కోడేనో కాదో చూడొద్దూ? నాన్న అచ్చేసిన పుస్తకం కదా."

బావ చెయ్యి తీశాడు. ఎర్రటి తురాయితో, మెడ సాచి, గోడ మీద కోడి.

"ఈసారి కోడే" అంది గడుగ్గాయి, కాస్త చిన్నబుచ్చుకుని.