అమ్మ నమ్మిన లెక్క

మొన్న సూరత్ అడాజన్‌లోని మా ఫ్లాట్‌లో ఇస్త్రీ పెట్టె వైరు కాలి, ప్లాస్టిక్ మాడిన ఘాటు వాసన గది నిండా అలముకుంది. మా ఆయన కిటికీలు తెరిచి, కొత్త వైరు తెస్తానని చెప్పులేసుకుని వెళ్లాడు. అప్పటికే స్విచ్ ఆపిన నేను కోపంతో అక్కడే కూర్చున్నాను. ఆ వాసన తగిలితే చాలు, ముప్పై ఏళ్ల కిందటి మా సైన్సు సారు గుర్తొస్తాడు, ఆ వెంటనే నా తెలివి గుర్తొస్తుంది. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ తిట్టుకోవాలో నాకింకా తేలలేదు.

అప్పట్లో ఇదే ఊళ్లోని లింబాయత్‌లో మాది ఒంటిగది ఇల్లు. గోడకు అవతల మగ్గాల చప్పుడు, ఇవతల జిగురు వాసన. పొట్ట చేతపట్టుకుని వలసొచ్చిన నాన్న మరమగ్గం నడిపేవాడు. అమ్మ గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, బియ్యపు గింజలో సగం లేని మెరుపు రాళ్లను వేలికొసతో తడిమి ఎత్తి, చీర అంచు మీద వరుస తప్పకుండా అతికించేది. చూడకుండానే బోర్లా ఉన్న రాయిని పసిగట్టే చెయ్యి ఆ వీధిలో ఆమెదొక్కటే. మేం పిల్లలం దారం చుట్టే ఖాళీ బాబిన్లను వరుసగా నిలబెట్టి బంతితో కొట్టే ఆట ఆడుకునేవాళ్లం. ఎండాకాలం రేకుల కింద ఉడికి, వానాకాలం మోకాలి లోతు నీళ్లలో బడికి పోయి, చలికాలం పొద్దున్నే నాయనమ్మ పక్కన చేరి కరెంటు పొయ్యి దగ్గర చేతులు కాచుకునేవాళ్లం.

గ్యాసు మా బోటివాళ్లకు అంత తేలిగ్గా దొరికేది కాదు గనుక వీధంతా ఆ పొయ్యిలే. గాడులు తీసిన గుండ్రటి మట్టి బిళ్ల, ఆ గాడుల్లో చుట్టలు చుట్టలుగా పరిచిన తీగ, అంతే. ఆ తీగను కాయిల్ అనేవాళ్లం. పాలు పొంగితే తెగేది, గరిటె తగిలితే తెగేది. మాడిన ముక్క విరిచి పారేసి, మిగిలిన దాన్ని సాగదీసి, రెండు కొసలూ మెలేసి మళ్లీ పరచడం అక్కడి ఆడవాళ్లందరికీ వచ్చిన విద్య. అతుకు పడ్డ పొయ్యి ఇంకా ఎర్రగా మండేది. అదో లాభమన్నట్టు మురిసిపోయేవారు.

అమ్మ మాత్రం అంత మురవలేదు. ఆ సంవత్సరం నేను పదో తరగతి. బళ్లో సారు మూడు సూత్రాలు బోర్డు మీద పడేశాడు: వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెండింటినీ గుణిస్తే సామర్థ్యం, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించినా అదే సామర్థ్యం. 220 వోల్టుల హీటరు 5 ఆంపియర్లు తీసుకుంటే నిరోధం 44 ఓములు, సామర్థ్యం 1100 వాట్లు. “కాయిల్ తెగి పొట్టిదైతే ఏమవుతుంది సార్?” అని లేచి అడిగాను. “పరీక్షలో మీ ఇంటి పొయ్యి రాదు, కూర్చో,” అన్నాడు. క్లాసంతా నవ్వింది.

ఆ సాయంత్రం అమ్మ అడిగింది. “నీళ్లు మునుపటి కంటె జల్దీ మసుల్తున్నయ్ గదనే. వైరు సుత గరమైతున్నది. జర నీ బుక్కుల సూడు.”

మాదీ 1100 వాట్ల పొయ్యే. తెగి తెగి కాయిల్‌లో నాలుగో వంతు పోయింది గనుక నిరోధం 33 అనుకున్నాను. కరెంటు అదే 5 అనుకున్నాను. ఐదైదులు ఇరవై ఐదు, ముప్పై మూళ్లు వేస్తే 825.

“తక్కువైంది అమ్మా. పదకొండు నూర్లది ఎనిమిది నూర్లకు దిగింది,” అన్నాను గొప్పగా.

“బుక్కుల గట్లనే ఉన్నదా?”

“సారు చెప్పిన లెక్కనే.”

“అయితే ఫికర్ లేదు తియ్యి,” అంది.

సద్దుల బతుకమ్మ నాడు తెల్లవారిందగ్గర్నుంచి పొయ్యి ఆరలేదు. సూరత్‌లో తంగేడు ఎక్కడ దొరుకుతుంది? బజారు నుంచి తెచ్చిన బంతిపూలే తాంబాళంలో మెట్లు మెట్లుగా లేచాయి. చింతపండు సద్ది అయింది, నువ్వుల సద్ది అయింది, బెల్లం కలిపి ముద్దలు చేసే మలీదకు రొట్టెలు కాలుతున్నాయి. ఇల్లంతా నెయ్యి, బెల్లం, తడిపూల వాసన. దాని మధ్యలోంచి వచ్చింది ఆ మాడు వాసన. సన్నటి వైరు మీది తొడుగు మెత్తబడి జారుతోంది. మాకు ప్లగ్గు లేదు, రెండు తీగ కొసలను సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించేవాళ్లం. స్విచ్ ఎప్పుడో పాడైంది. పక్కనే నాయనమ్మ కూర్చుని ఉంది. అమ్మ ఆ వైరునే కుడిచేత్తో పట్టుకుని లాగేసింది. కరిగిన ప్లాస్టిక్ బొటనవేలికీ, పక్కనున్న రెండు వేళ్లకూ అంటుకుని, చర్మంతో సహా ఊడింది.

పుండ్లు మానాయి. వేలికొసల్లో స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. రాయి వేలికి తగిలిందో లేదో తెలియక, అమ్మ ఒక్క చీరతో పొద్దంతా కుస్తీ పట్టి, చివరికి ఆ పని మానేసింది.

మరుసటి ఏడాది డిప్లొమాలో చేరాక తెలిసింది నేను చేసిన ఘనకార్యం. గోడలోంచి వచ్చే 220 మారదు, మారేది కరెంటే. 220ని 33తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్ల పైమాటే. సామర్థ్యం 1100 నుంచి 1467 దగ్గరికి ఎగబాకుతుంది. ఏది మారుతుందో, ఏది మారదో చెప్పకుండా సూత్రాలు బట్టీ పెట్టించినందుకు ఆ సారు మీద నాకు ఈనాటికీ ఒళ్లు మంటే. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. నా మతి పోతే పోయింది, వైరు వేడిని చేత్తో తెలుసుకున్న మనిషికి ఉన్న మతినీ నేనే పోగొట్టాను.

ఇన్నేళ్లూ ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. ఇదే ఊళ్లో, డిండోలిలో తమ్ముడి దగ్గరుంటుంది. ఇప్పటికీ ఎవరైనా చెయ్యి చూసి అడిగితే, మా బిడ్డ లెక్క సరిగ్గానే చేసింది, వైరే కరాబుది అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా చెంప పగిలినట్టుంటుంది.

ఇస్త్రీ పెట్టె వైరు కాలిన మర్నాడు అమ్మ దగ్గరికి వెళ్లాను. దారిలో లింబాయత్ సందులో ఆగాను. కాయిళ్లు దండల్లా వేలాడదీసి అమ్మిన కొట్లో ఇప్పుడు మొబైల్ కవర్లున్నాయి. మా గది ఉన్న చోట నాలుగంతస్తులు లేచాయి. మట్టి బిళ్లల పొయ్యి అంటే ఆ కొట్టు కుర్రవాడికి అర్థమే కాలేదు.

అమ్మ ముందు కాగితం పెట్టి, తప్పు లెక్క, ఒప్పు లెక్క పక్కపక్కన వేసి, తప్పు నాదేనని చెప్పాను. చదువు రాని అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“గిది కరెక్టని నీకెట్ల ఎరుక?” అంది.

“కాలేజీల మీటరు పెట్టి చూసిన అమ్మా.”

“తే మరి ఆ మీటరు. గీసారి నా కండ్లతోని సూసినంకనే నమ్ముత.”