మోటారును చూడకుండా ఇవ్వడు

ప్రొద్దుటూరులో కరెంటు సామాన్ల అంగడి నడిపే షంషుద్దీన్ సాబ్‌కు ఒకే ఒక్క జబ్బు. మోటారును కళ్లారా చూడకుండా దానికి సర్క్యూట్ బ్రేకర్ అమ్మడు. ఆ ఒక్కటీ తప్పిస్తే మనిషి బంగారం. బల్బు అడిగితే బల్బు ఇస్తాడు. వైరు అడిగితే కొలిచి, పైన ఇంకో మూర వదిలి మరీ కోస్తాడు. ఫ్యాక్టరీ మోటారుకు బ్రేకర్ అన్నారా, చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, పోలీసు విచారణ మొదలుపెడతాడు.

"ఎవరికి?"

"నాకే సాబ్. అరవైమూడు ఆంప్స్‌ది ఒకటియ్యి."

"నీకెందుకప్పా బ్రేకరు? నువ్వేమన్నా గిర్రున తిరుగుతాండావా? ఏ మోటారుకు?"

"పదిహేను హార్స్ పవర్‌ది."

"ఎన్నేండ్లది? ఎన్నిసార్లు కాలింది? వైండింగ్ యాడ చుట్టించినావు? దినానికి ఎన్నితూర్లు ఆన్ చేస్తారు? చేసేదెవరు?"

"సాబ్, నేను వచ్చింది బ్రేకర్ కొనేకి. రేషన్ కార్డుకు కాదు."

"సరే. రేపు పొద్దున వస్తా. చూసినాంక ఇస్తా."

అదే వీధిలో ఇంకో రెండు అంగళ్లున్నాయి. అక్కడ అరవైమూడు అడిగితే అర నిమిషంలో అరవైమూడు చేతిలో పెడతారు. అయినా జనం తిట్టుకుంటూనే షంషుద్దీన్ దగ్గరికి వచ్చేవారు. ఎందుకంటే ఆయన చూసిపోయిన మోటార్లు కాలేవి కావు. లింగాల నుంచి ఒక రైతు తెలివిగా తన మోటారును వీడియో కాల్‌లో చూపించాడు. ముందు నుంచి, వెనుక నుంచి, పైనుంచి. షంషుద్దీన్ ఓపిగ్గా అంతా చూసి, "ఫోన్‌లో అన్ని మోటార్లూ బాగనే ఉంటాయిలేప్పా" అని ఫోన్ పెట్టేసి బస్సెక్కాడు.

ఆయన భార్య ఖాతూన్‌బీకి ఈ జబ్బు మీద పాతికేళ్ల కోపం. అంగడికి వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. "నిఖాకు ముందు నన్ను చూసేకి రమ్మంటే, 'అమ్మీ చూసింది గదా, చాలులే' అన్న్యాడు ఈ మనిషి. దువ్వూరులో రైసుమిల్లు మోటారును చూసేకి మాత్రం జోరువానలో తడుచుకుంటా పోయినాడు. నేనన్నా మోటారుగా పుట్టింటే బాగుండు."

"నిన్ను చూసింటే నిఖా ఇంకో ఆరు నెల్లు ముందే అయ్యేది" అనేవాడు ఆయన, తల ఎత్తకుండా. ఖాతూన్‌బీ కోపం ఆ పూటకు చల్లారేది.

చూడటమంటే తొంగిచూసి రావడం కాదు. పొద్దున ఏడుకల్లా ఫ్యాక్టరీలో దిగుతాడు. బకెట్ బోర్లించి మోటారు ఎదురుగా కూర్చుంటాడు. "ఆన్ చెయ్" అని కళ్లు మూసుకుని, అది పూర్తి వేగం అందుకునేదాకా "ఏక్, దో, తీన్" అని లెక్కపెడతాడు. "ఆపు" అంటాడు. షెడ్డంతా ఒకసారి కలియజూస్తాడు. మళ్లీ "ఆన్ చెయ్." ఇట్లా మధ్యాహ్నం పన్నెండున్నర దాకా. ఒక పత్తి జిన్నింగ్ మిల్లు యజమాని విసిగిపోయి, "సాబ్, మోటారును చూసేకి వచ్చినావా, ఇల్లరికం వచ్చినావా?" అని అడిగేశాడు. "భోజనం ఎట్లుంటాదో చూసి చెప్తా" అన్నాడు షంషుద్దీన్.

అలాంటి మనిషి అంగడి మెట్లు ప్రశాంతి ఎక్కింది, ఏప్రిల్ నెలలో, చేతిలో ఒక తెల్లకాగితంతో.

ప్రశాంతి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. పాప పుట్టేదాకా జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది. జమ్మలమడుగు దగ్గర వాళ్ల నాయన ఆదినారాయణకు నాపబండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. ఆయన మనసు ఫ్యాక్టరీ మీద విరిగి పులివెందుల దగ్గరున్న తన చీనీ బత్తాయిల తోటకు మళ్లింది. అమ్మేస్తానంటే కూతురు అడ్డుపడింది. "సరేమ్మే, ఈ ఎండాకాలం నడిపి చూపించు. ఒక్క ఆర్డర్ తప్పినా జూన్‌లో అమ్మేస్తా" అన్నాడు. మొదటి ఆర్డరే పెద్దది. బ్రహ్మంగారిమఠంలో కొత్తగా కడుతున్న సత్రానికి బండలు. పది రోజుల్లో, శనివారం సాయంత్రానికి లారీ ఎక్కాలి. ఆ పది రోజుల మొదటి పొద్దునే పాలిష్ మిషన్ మోటారు ఆన్ చేయగానే బ్రేకర్ పడిపోయి కరెంటు ఆగింది. ఎత్తితే మళ్లీ పడింది. ఊళ్లో ఎలక్ట్రీషియన్ వచ్చి, "ఇరవైఐదు తీసేసి అరవైమూడు వెయ్‌మ్మా, జన్మలో పడదు" అన్నాడు.

ఎమ్మెస్సీ చదివిన మనిషికి ఆ మాట నచ్చలేదు. రాత్రి కూర్చుని లెక్కవేసింది. పదిహేను హార్స్ పవర్ మోటారుకు నిండు లోడులో ఇరవైఒక్క ఆంప్స్. ఇరవైఐదు చాలాలి. మరెందుకు పడుతోంది?

షంషుద్దీన్ ఆ కాగితాన్ని ముందూ వెనుకా తిప్పి చూశాడు. "లెక్క బాగుండాదమ్మా. దస్తూరి ఇంకా బాగుండాది. మోటారును చూసినావా?"

"మా ఫ్యాక్టరీదే మామా. రోజూ చూస్తూనే ఉన్నా."

"ఏం రంగు?"

ప్రశాంతి కాగితం వంక చూసింది. రంగు అందులో లేదు.

"రేపు పొద్దున వస్తా" అన్నాడు షంషుద్దీన్.

మోటారు ఆకుపచ్చ. గేటుకు కొట్టగా మిగిలిన రంగును ఎవరో దానికీ పూసి, నేమ్‌ప్లేటును కూడా పూడ్చేశారు. షంషుద్దీన్ రూపాయి బిళ్లతో గీకి అక్షరాలు బయటికి తీశాడు. బకెట్ బోర్లించాడు. మిషన్ నడిపే అజ్మతుల్లాను ఆన్ చేయమన్నాడు. "ఏక్, దో, తీన్..." తొమ్మిది దగ్గర బ్రేకర్ టక్కున పడింది.

"ఏమప్పా అజ్మతుల్లా, పాలిష్ పట్టే తల బండ మీద ఆనించి పెట్టి ఆన్ చేస్తాండావే?"

"మళ్లీ దించేది ఎందుకని సాబ్."

"నిన్ను నిద్రలేపుతూనే నెత్తిన మూట పెడితే లేస్తావా? తల పైకెత్తు."

తల ఎత్తితే లెక్క నాలుగుకు దిగింది. అయినా మూడుసార్లకు ఒకసారి బ్రేకర్ పడుతూనే ఉంది. ప్రశాంతి తన కాగితాన్ని మళ్లీ తీసింది.

"ఆ ఇరవైఒకటి తిరిగేటప్పుడమ్మా" అన్నాడు షంషుద్దీన్. "నిద్రలేచేటప్పుడు ఏ మోటారైనా ఆరేడింతలు లాగుతాది. రొండు మూడు క్షణాలే. అది రోగం కాదు, ఒళ్లు విరుచుకునేది. మీరు పెట్టిండేది సి టైప్ బ్రేకరు. మోటారు ఒళ్లు విరుచుకుంటే అది దడుసుకుని పడిపోతాంది. అరవైమూడు పెట్టినారనుకో, దడుసుకోదు. మోటారు కాలి పొగలొచ్చినా మేలుకోదు."

"మరెట్లా?"

"ముప్పైరెండు, డి టైపు. ఒళ్లు విరిస్తే ఊరుకుంటాది, వైర్లు కలిస్తే ఊరుకోదు. నిదానంగా ఎక్కే వేడిని చూసుకునేకి పక్కన ఓవర్‌లోడ్ రిలే, నీ లెక్క ప్రకారమే ఇరవైఒకటికి తిప్పి పెడతా. నీ చదువు వృథా పోలేదులే."

అప్పుడే ప్రశాంతి ఫోన్ మోగింది. అత్తగారు. పాప తుమ్మింది. "ఎన్నిసార్లు? వరసగానా, ఆగి ఆగా? ఒళ్లు వెచ్చగా ఉందా? కాళ్లు? చేతులు? నేను వచ్చేయనా?" ఫోన్ పెట్టేసరికి షంషుద్దీన్ ఆమెనే చూస్తున్నాడు.

"నువ్వు సి టైపమ్మా" అన్నాడు.

అజ్మతుల్లా పక్కకు తిరిగి నవ్వుకున్నాడు. ప్రశాంతికి రోషం వచ్చింది. అయినా ఇంటికి పరుగెత్తలేదు.

పన్నెండున్నరకు షంషుద్దీన్ మోటారు ఆపించాడు. టిఫిన్ డబ్బా తెరిచి, షెడ్డులో బండలు మోసే ఆడవాళ్ల మధ్య కూర్చుని తిన్నాడు. ఎవరిది ఏ ఊరు, ఎవరికి ఎంతమంది పిల్లలు అని తీరిగ్గా కనుక్కున్నాడు. రెండుకు లేచి, కొత్త బ్రేకర్ బిగించి, డాక్టర్ చీటీలా ఒక చీటీ రాసిచ్చాడు. తల ఎత్తి ఆన్ చేయాలి. నేమ్‌ప్లేటుకు రంగు పూయరాదు. ఎండాకాలమంతా పన్నెండున్నర నుంచి రెండు దాకా మోటారుకు రెస్టు.

"గంటన్నరా?" ప్రశాంతి చీటీని మళ్లీ చదివింది. "వచ్చే శనివారానికి లారీ ఉంది మామా."

"వైండింగ్‌కు ఊపిరాడాలమ్మా. నేను చూసిన మోటార్లన్నింటికీ ఇదే పథ్యం. ప్రొద్దుటూరులో ఎవరినైనా అడుగు." బస్సుకు వేళైందని వెళ్లిపోయాడు.

బ్రేకర్ పడలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున ఆన్ చేస్తే చక్కగా తిరిగింది. ఆ మధ్యాహ్నం గంటన్నరే ప్రశాంతికి గొంతులో ముల్లయింది. గురువారానికి ఇంకా ఐదో వంతు బండలు మిగిలాయి. ఎండ నలభైమూడు. పులివెందుల నుంచి నాయన పూటకోసారి ఫోన్. "ఎంతవరకు వచ్చిందిమ్మే? చేతగాదంటే ఇప్పుడే చెప్పు."

ఆ రోజు పన్నెండున్నరకు అజ్మతుల్లా స్విచ్ మీద చెయ్యి వేస్తుంటే ప్రశాంతి ఆపింది. సంచిలోంచి పాప జ్వరం చూసే థర్మామీటర్ తీసింది. తాకకుండా, తుపాకిలా గురిపెట్టి చూసేది. దాన్ని పాలసీసా వేడి కొలిచే పద్ధతికి మార్చి మోటారుకు గురిపెట్టింది. డెబ్బైఒక్క డిగ్రీల సెల్సియస్. నేమ్‌ప్లేటు మీద ఎఫ్ క్లాసు అని ఉంది. లోపలి వైండింగ్ నూటయాభైఐదు దాకా ఓర్చుకుంటుంది. దీనికి రెస్టేమిటి? సాయంత్రం దాకా ఆపకుండా తిరిగినా దానికి చీమ కుట్టినట్టుండదు!

"ఆపొద్దు, నడవనీ" అంది. ఒంటిగంటకు మళ్లీ చూసింది. డెబ్బైరెండు. గెలిచినంత సంబరంగా షంషుద్దీన్‌కు ఫోన్ కలిపింది.

"మామా, మీ పథ్యం తప్పు. కొలిచి చెప్తున్నా. మోటారుకు రెస్టు అక్కర్లేదు."

"ఎంతుండాది?"

"డెబ్బైరెండు."

"మంచిది. గులాబ్‌బీకి ఎంతుండాది?"

"ఏంది మామా?"

"బండలు మోసే గులాబ్‌బీ. నీ చేతిలో ఉండేది మనుషుల నుదుటికి పెట్టే మిషన్‌గదా తల్లీ. పోయి పెట్టు. నేను లైన్‌లోనే ఉంటా."

ప్రశాంతి వెనక్కి తిరిగింది. రేకుల షెడ్డు కింద గులాబ్‌బీ బండ అంచు పట్టుకుని నిలబడి ఉంది. ముఖం ఎర్రగా కందిపోయింది. థర్మామీటర్‌ను మళ్లీ జ్వరం చూసే పద్ధతికి, ఫారన్‌హీట్‌కు మార్చి నుదుటికి గురిపెట్టగానే, "యా అల్లా, కాలుస్తాండావా ఏందమ్మా?" అని నవ్వబోయి గోడకు ఆనుకుంది.

నూటరెండు.

పాపకు తొంభైతొమ్మిది దాటితే ఊరు ఏకం చేసే ప్రశాంతి, ఆ అంకెను చూసి పెద్దగా కేక పెట్టింది. ఆ కేకకు అజ్మతుల్లా మోటారు స్విచ్ మాత్రమే కాదు, షెడ్డులో ఉన్న స్విచ్‌లన్నీ ఆపేశాడు. గులాబ్‌బీని ఆఫీసు గదిలో ఫ్యాన్ కింద పడుకోబెట్టి, తడిబట్ట వేసి, పాప కోసం దాచిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు వరసగా కలిపింది. అరగంటలో జ్వరం దిగింది. మూడో గ్లాసుకు, "ఇంక చాలుమ్మా, కడుపులో చెరువైతాంది" అని గులాబ్‌బీ మొరపెట్టుకుంది.

ఫోన్ ఇంకా లైన్‌లోనే ఉంది.

"మామా," అంది ప్రశాంతి, "ఈ మాట ఆ రోజే చెప్పొచ్చు గదా?"

"ఐదేండ్లు చెప్పినానమ్మా, కనపడిన ఓనరుకల్లా. ఎండాకాలం మనుషులకు గంటన్నర రెస్టు ఇయ్యండప్పా అని. 'ఇంటికి పోయి తీసుకోమను' అన్న్యారు. ఒకతూరి నోరు జారి మోటారుకు రెస్టు కావాలన్న్యా. ఠక్కున ఆపినారు. ఒకాయన దానికి కూలరు కూడా పెట్టినాడు."

వెనక నుంచి ఖాతూన్‌బీ గొంతు వినబడింది. "నాకెప్పుడన్నా పెట్టినాడా కూలరు?"

"అయితే నేమ్‌ప్లేటు ఫోటో పంపినా బ్రేకర్ లెక్క తేలిపోయేదే. మీరు ఫ్యాక్టరీకి వచ్చేది..."

"ఫోటోలో చెమట కనపడదు గదమ్మా" అన్నాడు షంషుద్దీన్. వెంటనే గొంతు మార్చి, "ఈ మాట బయట అన్న్యావంటే నా పథ్యం ఎవరూ నమ్మరు. చదువుకున్నదానివి, ఫిజిక్స్ అని ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

శుక్రవారం నుంచి ఫ్యాక్టరీ తెల్లారి ఐదున్నరకే మొదలైంది. ఆ వేళ మార్చమని అడిగింది అజ్మతుల్లా. గులాబ్‌బీని రెండు రోజులు ఇంట్లో ఉండమంటే, రెండో రోజు మధ్యాహ్నానికే వచ్చి కూర్చుని, "కూర్చోనే చెప్తాలేమ్మా, ఎవరు యాడ మోయాల్నో" అని అందరి మీదా పెత్తనం చేసింది. శనివారం సాయంత్రం లారీ ఒక గంట ఆలస్యంగా కదిలింది. డ్రైవర్ తిట్లు తిట్టాడు గానీ, ఒక్క బండ కూడా తగ్గలేదు.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆదినారాయణ చెప్పాపెట్టకుండా జమ్మలమడుగు వచ్చాడు. ఫ్యాక్టరీ నిశ్శబ్దంగా ఉంది. షెడ్డు నీడలో అందరూ కొంగులూ తువ్వాళ్లూ పరుచుకుని పడుకున్నారు.

"ఏందిమ్మే ఇది? ఆర్డర్ పంపినావు సరే, ఈ పట్టపగలు మోటారు ఎందుకు ఆపినావు?"

ప్రశాంతి లేచి నిలబడింది. కాలేజీలో బోర్డు ముందు నిలబడినప్పటి గొంతు తెచ్చుకుంది.

"ఎండాకాలం వైండింగ్‌లో ఉష్ణ జడత్వం పెరుగుతాది నాయనా. గంటన్నర ఆపకపోతే రాగి అలిసిపోతుంది."

ఆదినారాయణ ఆకుపచ్చ మోటారు చుట్టూ గౌరవంగా ఒక ప్రదక్షిణం చేశాడు. పడుకున్న వాళ్లు లేస్తారేమోనని మెల్లగా, దాదాపు గుసగుసగా అడిగాడు.

"మన తోటలో మోటారు దినమంతా తిరుగుతానే ఉంటాదమ్మే. పాపం, దానికి ఎంతసేపు ఇయ్యాలంటావు?"

"దాని దగ్గర పనిచేసేది ఎంతమంది నాయనా?" అంది ప్రశాంతి. "అసలు నేను వచ్చి చూడాల. చూడకుండా చెప్పలేను."