శేషారత్నం మీగడ వైద్యం

శేషారత్నం చేతికి ఎముక లేదు. తెనాలికి దగ్గర్లోని ఆ ఊళ్ళో ఆమె ఇంట భోంచేసి, నెయ్యి వద్దో అని మొత్తుకోకుండా లేచినవాడు లేడు. ఇంట్లో రెండు గేదెలు, రోజూ కవ్వం నిండా వెన్న. తన నెయ్యి తిన్నవాడికి రోగం రాదని ఆమె నమ్మకం. ఆ విషయంలో ఆమెతో వాదించడమంటే కొరివితో తల గోక్కోవడమే.

రోగం రానే వచ్చింది, అదీ సొంత మొగుడికి. 1966లో వీరాస్వామికి పైకడుపులో నొప్పి మొదలైంది. అన్నం తిన్న కాసేపటికి లేచి వీపులోకి పొడుచుకుపోయేది. ఆయన మంచం మీద ముందుకు వంగి, మోకాళ్ళు వాటేసుకుని కూర్చునేవాడు. తెనాలి డాక్టరు బేరియమనే తెల్లమందు తాగించి, ఎక్స్‌రే తీసి, చిన్నపేగు మొదట్లో పుండుందన్నాడు. మందు రాసి, రెండు గంటలకోసారి గ్లాసుడు పాలు తాగమన్నాడు.

పాలన్నాడు గానీ మీగడ అనలేదు. మీగడ శేషారత్నం సొంత కవిత్వం.

"ఉత్త పాలకు పుండెట్టా మానుద్ది?" అంటూ మీగడ గడ్డలుగా వేసి, పైన చెంచాడు వెన్న కలిపేది. ఆయన తాగేవాడు. నొప్పి పెరిగేది. ఆమె ఇంకో చెంచా వేసేది. ఏడాది తిరిగేసరికి మనిషి చిక్కి శల్యమయ్యాడు. మొగుడు దక్కడేమోనన్న భయం ఆమెకు పట్టుకుంది. ఆ భయంతోనే మూడో గేదెను తోలుకొచ్చింది.

అంతలో వీరాస్వామి తేరుకోవడం మొదలుపెట్టాడు. లోపల ఉక్కగా ఉందని భోజనం, పాలు వసారాలోకి తెమ్మనేవాడు. రెండు నెలల్లో మొహం తేటపడింది. ఇక శేషారత్నాన్ని పట్టగలమా! బాపట్లలోని చెల్లెలు వెంకటరత్నమ్మకు ఉత్తరం రాయించింది. రేపల్లె చుట్టాల దాకా తన మీగడ వైద్యం చాటింది. ఇంటి ముందు ఎర్రకుక్క లేవలేనంతగా బలిస్తే, అది కూడా తన ఇంటి చలవేననుకుంది.

ఒక మధ్యాహ్నం మారు అన్నం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. వీరాస్వామి పాలగ్లాసు కుక్క మూకుట్లోకి వంపుతున్నాడు. పక్కనే నేతి అన్నం ముద్ద కూడా ఉంది.

"ఏంటండీ ఇది?"

ఆయన గ్లాసు వెనక్కి దాచుకున్నాడు. "నీ పాలు నాకు పడటం లేదే రత్నం. తాగినప్పుడల్లా వీపు కోసేస్తంది."

"మరి ఏడాదిపాటు ఎందుకు తాగారు?"

"నొప్పయితే ఓర్చుకోవచ్చు. నీ మొహం చిన్నబోతే చూళ్ళేనే."

ఆమెకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి, అక్కడే కూలబడి ఆలోచించింది. మర్నాడు పొద్దున్నే మొగుణ్ణి బస్సెక్కించి గుంటూరులో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. వీరాస్వామి నోరు విప్పకముందే చెప్పేసింది.

"నా మీగడే ఈయన్ని తినేస్తందండి. మానేశాక తేరుకున్నాడు. ఎందుకో మీరే చూడాలి."

ఊరందరి ముందు డప్పు కొట్టుకున్న మనిషికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో వీరాస్వామికి తెలుసు. ఆయన తలొంచుకున్నాడు.

డాక్టరు విరేచనం సంగతి అడిగాడు. నీళ్ళమీద నూనె తేలినట్టు జిడ్డుగా ఉంటుందని వీరాస్వామి సిగ్గుపడుతూనే చెప్పాడు. ఈసారి బేరియం లేకుండా ఎక్స్‌రే తీశారు. వెన్నెముకకు అడ్డంగా చిన్నచిన్న తెల్లటి రాళ్ళు కనిపించాయి.

"ఈ రాళ్ళున్నది క్లోమంలోనమ్మా, అంటే పొట్ట వెనకుండే గ్రంథిలో," అన్నాడు డాక్టరు. "కొవ్వు అరిగేది దీని రసంతోనే. పొట్టలోంచి పేగులోకి దిగే పులుపును చల్లార్చేదీ అదే. ఇది ఎన్నాళ్ళుగానో వాచి చెడిపోయింది. కొవ్వు అరక్క నొప్పి. పులుపు చల్లారక పేగులో పుండు కూడా పడి ఉంటుంది. పుండు అబద్ధం కాదు. దాని వెనకున్నది బేరియం తెలుపులో కనపళ్ళేదు."

భోజనంతో మింగడానికి మాత్రలు, పుండుకు మందు రాశాడు. చుట్ట మానమన్నాడు, వెన్న తీసిన మజ్జిగ పొయ్యమన్నాడు. జబ్బు పూర్తిగా పోదు గానీ జాగ్రత్తపడితే చాలా ఏళ్ళు బతుకుతాడన్నాడు. శేషారత్నానికి ఆ ఆఖరి ముక్కే వినపడింది.

ఇంటికొచ్చి మూడో గేదెను చెల్లెలికి పంపేసింది. ఒకసారి చిలికిన మజ్జిగను మళ్ళీ చిలికి, మిగిలిన వెన్న కూడా తీసి పోసేది. వీరాస్వామి ఒకటే కోరాడు. "నాకోసం నువ్వు నెయ్యి మానమాకు. నా ఎదురుగానే వేసుకు తిను." ఆమె సరేనంది. రోజూ ఆయన కళ్ళముందే అన్నంలో నెయ్యి వేసుకునేది.

ఏడేళ్ళు గడిచాయి. వీరాస్వామి అప్పుడప్పుడూ ఒక పూట మూలిగినా, తన చేను తనే చూసుకుంటున్నాడు. ఒకరోజు భోంచేసి చెయ్యి కడుక్కుని పెరట్లో ఆగాడు. ఎర్రకుక్క పిల్ల, ఇప్పుడది పెద్దదయింది, గోడ పక్కన బొద్దుగా పడుకుని ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"రత్నం, మనింట్లో కుక్క బలిసిందంటే ఎవరో అబద్ధం చెబుతున్నట్టే."

శేషారత్నం చేతిలో కంచం ఉంది. కంచంలో నేతి ముద్ద అట్లాగే ఉంది.

"మీరు తినంది నాకు గొంతు దిగటం లేదండి," అంది. "ఏడేళ్ళ నుంచీ."

వీరాస్వామి కంచం తీసుకుని వంటింట్లోకి నడిచి, వేడన్నం పెట్టి, నేతిగిన్నె వంచాడు. తన చేత్తోనే కలిపి ముద్ద చేశాడు.

"తిను. నేను చూస్తా."

ఆమె ఏడుస్తూనే నోరు తెరిచింది. కుక్క గడప దాకా వచ్చి, కంచం ఖాళీ అయ్యేదాకా కూర్చుని, లేచిపోయింది.