కొలపాత్ర అడుగున ఇసుక

అమరేందర్ తెలివితక్కువవాడు కాడు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. తెలివిలేక చేసిన తప్పును మన్నించవచ్చు. అతడు చేసినదానికి ఆ వెసులుబాటు లేదు.

కేతేపల్లి రైతు కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివి, అరవైల మొదట్లో నల్లగొండలోని ఒక కళాశాలలో రసాయనశాస్త్ర డిమాన్‌స్ట్రేటరుగా చేరాడు. చేరిన నాటి నుంచీ తన పల్లెను ఒంటిమీద నుంచి దులుపుకోవడమే అతని ముఖ్య వ్యాసంగం. "మా ఇంట్లో సన్నబియ్యం తప్ప మరొకటి పొయ్యెక్కదు" అని తోటివారితో అనేవాడు. అదే ఊరివాడైన అటెండరు ఐలేశం ఆ మాట వినబడినప్పుడల్లా గోడవైపు తిరిగేవాడు. ఆ ఇంట్లో జొన్నగటక ఉడకని రోజు లేదని అతనికి తెలుసు.

ఉద్యోగం తాత్కాలికం. విశ్వవిద్యాలయం నుంచి తనిఖీకి వచ్చే ఆచార్యుడు మెచ్చితేనే ఖాయమవుతుంది. అందుకని విద్యార్థుల చేత ఒక కొత్త ప్రయోగం చేయించాలని అమరేందర్ తలపెట్టాడు. అమెరికా పత్రికలో చూసిన పేలాల ప్రయోగం అది. మక్కల, అంటే మొక్కజొన్న గింజల, బరువూ పరిమాణమూ కొలిచి, ఫ్లాస్కులో వేయించి, పేలాక మళ్ళీ కొలవాలి. గింజలోని తేమ ఆవిరై పెంకును పగలగొడుతుంది; బరువు కాస్త తగ్గుతుంది, పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఆలోచన మంచిదే. కాని ఏ నమూనానైనా ఓవెన్‌లో బాగా ఎండబెట్టాకే తూచాలన్నది అతడు నేర్చిన పద్ధతి. మక్కలనూ అలాగే ఎండబెట్టించాడు. తనిఖీకి ముందురోజు ఫ్లాస్కులు వేడెక్కాయి, గింజలు నల్లబడ్డాయి, ఒక్కటీ పేలలేదు.

"సార్, పేలుతలేవు. ఉత్తగ మాడుతున్నయ్," అన్నాడు రఘుపతి అనే విద్యార్థి.

"పేలుతలేవు కాదు, పేలడం లేదు. ముందు భాష నేర్చుకో."

"భాష నేరిస్తె మక్కలు పేల్తయారా?" అని వెనుక ఎవరో గొణిగారు. బల్లల చుట్టూ నవ్వు పాకింది.

ఎందుకు పేలలేదో అమరేందర్‌కు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తొలి ఏకాదశికి ముందు తల్లి గోవిందమ్మ మక్కలమీద నీళ్ళు చిలకరించి, మూటగట్టి ఉంచి, మర్నాడు కాలిన ఇసుకలో వేయించేది. చిన్నప్పుడు ఆ మూట కట్టింది అతడే. తేమంతా తీసేసిన గింజలో పేలడానికి ఏమీ మిగలదు. ఆ ఒక్క మాట చెబితే పాఠం పూర్తయ్యేది. కాని మీకెట్ల ఎరుక సార్ అని ఎవరైనా అడిగితే?

"గింజలు పుచ్చినవి," అని తేల్చి, పిల్లలను పంపేశాడు. ఐలేశాన్ని బజారుకు పంపి పేలాలు తెప్పించాడు.

"ఆకలైతాందా సారూ?" అన్నాడు ఐలేశం, పొట్లం అందిస్తూ.

మర్నాడు, విద్యార్థులు వేయించినవంటూ అమరేందర్ కొలపాత్రలో నింపి చూపిన పేలాలను ఆచార్యుడు పళ్ళెంలోకి వంచాడు. పాత్ర అడుగున పలచగా ఇసుక మిగిలింది. ఆయన దాన్ని వేలితో తీసి నలిపి చూశాడు.

"ఫ్లాస్కులో వేయించామన్నారు. ఇసుక ఎక్కడిది?"

"రఘుపతి నిర్లక్ష్యం సార్. ఈ పల్లెటూరి పిల్లలకు శుభ్రత తెలియదు."

రఘుపతి ముఖం కందిపోయింది. "మేం ఏంచినయి పేలనే లేదు సార్. మాడినయి గా డబ్బల ఉన్నయి, సూడుండ్రి. గివి మేం చేసినయి కావు."

ఆచార్యుడు మాడిన గింజలను చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. "ఇదీ ఫలితమే కదా! ఎందుకు దాచారు?" అని, నెమ్మదిగా అమరేందర్ వైపు తిరిగాడు. "మీదీ ఈ జిల్లానే అన్నారు. పేలాలకు ముందు మీ ఇంట్లో గింజలను ఏం చేస్తారు?"

అది చేయందించడమే. తడుపుతాం అంటే చాలు. మొదటి అబద్ధం కూడా పొరపాటుగా చెల్లిపోయేది.

"మా ఇంట్లో పేలాలు తినరు సార్," అన్నాడు అమరేందర్.

ఐలేశం ఈసారి గోడవైపు తిరగలేదు. అతని ముఖంలోకే చూశాడు.

ఆచార్యుడు ప్రయోగాన్ని మెచ్చాడు. తడిపిన గింజలతో మళ్ళీ చేయమని విద్యార్థులకు చెప్పాడు. కొలువు మాత్రం ఖాయం చేయలేదు.

మర్నాడు తొలి ఏకాదశి. అమరేందర్ కేతేపల్లి వెళ్ళాడు. వీధి తలుపు దగ్గరగా వేసి, తల్లి పెట్టిన బెల్లం కలిపిన పేలపిండిని మారు అడిగి మరీ తిన్నాడు.