ఎల్లారెడ్డిలో నా ఇంజనీరుగిరి

అప్పట్లో మా దిక్కు కొత్తల్లుడిది రాజభోగమే గానీ, ఆ రాజ్యంలో అత్తగారు మాత్రం రాజుతో మాట్లాడేది కాదు. ఇప్పటి అల్లుళ్లు అత్తలకు ఫోన్ చేసి పచ్చిపులుసు ఎట్లా చేయాలో అడిగి తెలుసుకుంటున్నారు, సంతోషం. మా రోజుల్లో అల్లుడు గడపలో కాలు పెట్టాడంటే అత్త కొంగు నెత్తి మీదికి లాక్కొని తలుపు చాటుకు తప్పుకునేది. ఏం చెప్పదలుచుకున్నా కూతురితోనో కొడుకుతోనో చెప్పించేది. మధ్యలో అందుకునే మనిషి లేకపోతే గోడకో, పిల్లికో, పెరట్లో కోడికో చెప్పేది. చెవులున్న అల్లుడు అది తనకేనని అర్థం చేసుకోవాలి. (దీనికి మర్యాద అని పేరు. దీనివల్ల కోళ్లకు మా సంసారాల సంగతులన్నీ తెలిసేవి.) పెళ్లయి నెలలు గడిచినా మా అత్తమ్మ గొంతు, గాజుల చప్పుడు తప్ప ఆమె ముఖం నేను సరిగ్గా చూసింది లేదు. ఆమె నాతో నేరుగా అన్న మొదటి మాట ఏదో, ఎందుకు అన్నదో చెప్పాలంటే, ముందు నేను ఇంజనీరునెట్లా అయ్యానో చెప్పాలి.

నేను చదివింది ఇంజనీరింగు కాదు. కామారెడ్డిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కూర్చొని ఫీజు రసీదులు, హాజరు పట్టికలు కంప్యూటర్లో టైపు చేసేవాణ్ణి. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి పిల్లవాడు కంప్యూటర్ల మీద పని చేస్తాడని చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాట కామారెడ్డిలో బస్సెక్కి లింగంపేట దాటేసరికి 'కంప్యూటర్లు బాగు చేస్తడు' అయింది, ఎల్లారెడ్డిలో దిగేసరికి 'ఇంజనీరు' అయి కూర్చుంది. పెళ్లి పందిట్లో ఎవరో ముసలాయన "ఇంజనీరు సాబ్, బాగున్నరా" అంటే ఎవరినో అనుకొని వెనక్కి తిరిగి చూశాను. నన్నే అని తెలిశాక కాదనడానికి నోరు రాలేదు. మెడలో పూలదండ ఉన్నప్పుడు నిజం చెప్పడం కష్టమండీ.

ఆ ఎండాకాలం మా ఆవిడ మామిడికాయ తొక్కు పెట్టడానికని పుట్టింటికి వెళ్లింది. ఆమెను తీసుకురావడానికి ఒక ఆదివారం పొద్దున్నే ఎల్లారెడ్డి చేరుకున్నాను. కాళ్లు కడుక్కొని కూర్చొని చాయ సగం తాగానో లేదో, మా బావమరిది నల్లటి డబ్బా ఒకటి జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చి నా ముందు పెట్టాడు. టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ అది. మస్కట్‌లో పనిచేసే వాళ్ల చిన్నాన్న తెచ్చాడు. అక్కడి సేటు పిల్లలు ఆడి ఆడి విసుగెత్తి పారేయబోతే అడిగి తెచ్చుకున్నాడట.

"బావా, వారం పది దినాల సంది లేస్తలేదు. గుండీ ఒత్తితే లైటు గూడ అస్తలేదు. ఇగ నువ్వే దిక్కు" అన్నాడు వాడు. ఇంటర్ మొదటి సంవత్సరంలో లెక్కలు తప్పి, కొద్ది రోజుల్లో మళ్లీ పరీక్ష రాయాల్సినవాడి ముఖంలో ఉండవలసిన దిగులంతా ఉంది గానీ, అది లెక్కల కోసం కాదు. వాడి వెనకాల మా మామ కూడా అదే ముఖంతో నిలబడ్డాడు. మామ బట్టల దుకాణంలో గుమాస్తా. పొద్దంతా చీరలు మడతపెట్టి, సాయంత్రం ఇంటికి రాగానే కొడుకు పక్కన చేరి ఆ డబ్బాలో కార్ల పందెం ఆడేవాడట. బొమ్మ కారు మలుపు తిరిగితే మామ కూడా మనిషి మొత్తం తిరిగేవాడని, ఒకసారి అట్లా తిరిగి మంచం మీది నుంచి కింద పడ్డాడని మా ఆవిడ చెప్పింది.

"మా అల్లుడు ఇంజనీరు. గిది ఆయనకు చిటికెల పని" అని మామ పక్కింటాయనను కూడా పిలుచుకొచ్చాడు. పక్కింటాయన కుర్చీ తెచ్చుకొని మరీ కూర్చున్నాడు. బాగు చేయకపోతే ఎల్లారెడ్డిలో నా ఇంజనీరుగిరి ఆ మధ్యాహ్నంతో సరి. నాదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్న మామ పరువు, ఆ ఇంటి ఆడపిల్లగా మా ఆవిడ పరువు కూడా ఆ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉన్నాయి.

మా కాలేజీకి కంప్యూటర్లు బాగు చేయడానికి వచ్చే మనిషి ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకున్నాను. అతను ముందు ముక్కు గోక్కుంటాడు. తర్వాత "ఊఁ" అంటాడు. తర్వాత వైర్లన్నీ పీకి మళ్లీ పెడతాడు. నేనూ అదే వరసలో చేశాను. డబ్బా లేవలేదు. ప్లగ్గు పెట్టిన బోర్డులో కరెంటు ఉందో లేదోనని మిక్సీ పెట్టి చూశాను. అది ఖాళీగా గిర్రున తిరిగి పక్కింటాయనను కుర్చీలో ఎగిరేలా చేసింది. అడాప్టర్ పట్టుకుంటే వెచ్చగానే ఉంది. "లోపల వోల్టేజీ తేడా" అన్నాను గంభీరంగా. (ఆ మాటకు అర్థం నాకూ తెలియదు.) బావమరిది డబ్బాలోని ఆట క్యాసెట్టు తీసి ఊదాడు. మామ ఊదాడు. పక్కింటాయన తన ఊపిరి గట్టిదని చెప్పి ఊదితే ఉమ్మి పడింది. రేడియోకు ఇదే మందు అంటూ మామ డబ్బా నెత్తిన ఒక్కటి చరిచాడు. అయినా దానికి దయ కలగలేదు.

ఇదంతా జరుగుతుంటే తలుపు వెనకాల అత్తమ్మ బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. కత్తెర చప్పుడు కిరకిరమని ఆగకుండా వస్తోంది. ఆ చప్పుడు మధ్యలో నుంచి ఆమె మాటలు కూతురికి అందుతున్నాయి, కూతురు నాకు అందిస్తోంది.

"ఇగో, చాయ సల్లారుతదంటున్నది అమ్మ" అన్నది మా ఆవిడ.

కాసేపాగి, "పొద్దుగాల్నే లేసొచ్చినవ్ గద, జర పండుమంటున్నది."

ఇంకాసేపాగి, "పాత డబ్బా గది, పారేస్తే పాయె, ఎందుకంత తండ్లాట అంటున్నది."

ఆ మూడో మాట నాకు సూటిగా తగిలింది. పైకి మర్యాదగా ఉంది గానీ, 'వీడి వల్ల కాదు' అనే కదా దాని అర్థం! అందరికంటే ముందు అత్తమ్మే నా బండారం కనిపెట్టిందనుకున్నాను. దాంతో పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇప్పుదాం" అన్నాను. బావమరిది దర్జీ దగ్గరికి ఉరికి కుట్టుమిషను స్క్రూడ్రైవర్ తెచ్చాడు. డబ్బా విప్పితే లోపల మస్కట్ దుమ్ము, ఎల్లారెడ్డి దుమ్ము, ఒక చచ్చిన బొద్దింక కనిపించాయి. బొద్దింకను చూసి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. "దొరికింది దొంగ" అని దాన్ని కాగితం మీద పెట్టి అందరికీ చూపించాను. మామ మీసం దువ్వాడు. తుడిచి, మూసి, బిగించి గుండీ ఒత్తితే మళ్లీ అదే చీకటి. పైగా ఒక స్క్రూ మిగిలిపోయింది. పక్కింటాయన దాన్ని వేళ్లతో ఎత్తి "గిదేడిది?" అని అడిగాడు. ఎక్స్‌ట్రా అన్నాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. మామ కోడికూరకు ఉల్లిగడ్డలు లేవని బజారుకు పోయాడు, పక్కింటాయన స్నానానికి లేచాడు. బావమరిది టెస్టర్ అడుక్కురావడానికి కరెంటు పనిచేసే మనిషి ఇంటికి పరుగెత్తాడు. మా ఆవిడ తొక్కు జాడీ కోసం వెనకింటికి వెళ్లింది. వసారాలో నేను, డబ్బా మిగిలాము. తలుపు వెనకాల కత్తెర ఆడుతూనే ఉంది.

"ఏందే, నీకు ఆకలైతలేదా?" అన్నది అత్తమ్మ, గడప దగ్గర తిరుగుతున్న కోడితో. "కొందరికి గూడ అయితలేదంట. పొద్దటి సంది గదే పని. లేసి ఇంత తిన్నా మంచిగుండు."

కోడి పలకలేదు. నేను లేవలేదు. ఈసారి డబ్బా వెనక్కి తిప్పి, అడాప్టర్ కొస దూర్చే రంధ్రాన్ని ఎండకు పెట్టి చూశాను. లోపల మెరవాల్సిన సన్నటి పుల్ల మెరవడం లేదు. గోధుమరంగులో ఏదో కప్పుకొని ఉంది. మా ఆవిడ పెట్టె మీద వదిలిన పిన్నీసు తీసుకొని మెల్లగా లాగాను. అరచేతిలో పడింది గోరంత తునికాకు గొట్టం. ఆ పుల్లకు టోపీలాగా తొడిగి ఉంది. అంత చిన్న దానికి కూడా బీడీ మూతి మడిచినట్టు ఒక కొస చక్కగా లోపలికి మడిచి ఉంది. అంత సన్నగా చుట్టి, అంత శుభ్రంగా మూతి మడిచే చేయి ఆ ఇంట్లో ఒక్కటే.

కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"కొడుకా" అన్నది అత్తమ్మ.

చుట్టూ చూశాను. కోడి ఎప్పుడో పెరట్లోకి పోయింది. ఆ మాట నాకే.

"గది నేనే పెట్టిన కొడుకా. పోరడు పోయినసారి గీ డబ్బా ముంగట కూసునే లెక్కల్ల తప్పిండు. చెప్తే ఇనడు. ఇంటి పెద్దకు చెప్దామంటే ఆయనే ఆని పక్కకు కూసుంటడాయె. ఇగ ఎవలకు చెప్పాలె నేను? పరీక్షలు ఒడిసినంక నేనే తీద్దామనుకున్న. నువ్వు ఇంజనీరువు గద, దొరకవడుతవని పొద్దటి సంది నా పాణం పాణంల లేదు. గందుకే లెవ్వుమని చెప్పిపిస్తున్న."

నా వల్ల కాదనుకొని ఆపుతోందని కదా నేను ఉడికిపోయింది! ఆ వాడలో నన్ను నిజంగా ఇంజనీరని నమ్మి, నాకు నిజంగా భయపడిన మనిషి ఆమె ఒక్కతే. నా మీద నాకే లేని నమ్మకం అది. ఇప్పుడు అడాప్టర్ దూర్చి గుండీ ఒత్తితే చాలు, ఎర్ర లైటు వెలుగుతుంది, మామ నన్ను భుజాల మీద ఊరేగిస్తాడు. పోరడు మళ్లీ లెక్కలు తప్పుతాడు.

"గట్లనే ఉండనిస్త అత్తమ్మా" అన్నాను. టోపీని మళ్లీ తొడగబోతే, పిన్నీసు గుచ్చుకున్న చోట చిరిగిపోయింది. నేను తంటాలు పడుతుంటే తలుపు వెనకాల కత్తెర ఒక్కసారి కిర్రుమంది. క్షణంలో గాజుల చేయి ఒకటి బయటికి వచ్చింది. తంబాకు మరకలున్న ఆ వేళ్ల కొసన కొత్త టోపీ ఉంది. తీసుకొని, తొడిగి, డబ్బా ముందుకు తిప్పి పెట్టాను.

అందరూ తిరిగొచ్చాక గొంతు సవరించుకొని తీర్పు చెప్పాను. "దీని పని అయిపోయింది మామా. లోపల బోర్డు కాలింది. నాతోని కాదు."

బావమరిది టెస్టర్ పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. "గదేదో ముందుగాలనే చెప్పరాదు బావా" అన్నాడు ఏడుపు గొంతుతో. పక్కింటాయన తల తుడుచుకుంటూ "ఇంజనీరంటిరి?" అని మామను అడిగాడు. మామ ఉల్లిగడ్డల సంచీ కింద పెట్టి, "గీడ కరెంటు మంచిగుండది తియ్" అని నా తరఫున అబద్ధమాడాడు గానీ, ఆ తర్వాత నా వంక చూడలేదు. భోజనాల దగ్గర మాత్రం ఒక వింత జరిగింది. కోడికాళ్లు రెండూ నా పళ్లెంలోకే వచ్చాయి. మా ఆవిడ వడ్డిస్తూ "అమ్మ ఏయమన్నది" అని చెబితే, మామ తన పళ్లెంలోని మెడ ముక్క వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

బావమరిది పరీక్ష గట్టెక్కాడు. ఫలితాల నాడు అత్తమ్మ డబ్బాను కొంగుతో దులిపి, ప్లగ్గు పెట్టి, గుండీ ఒత్తిందట. లైటు వెలిగిందట! ఇంజనీరు అల్లుడి వల్ల కానిది అత్త కొంగుతో దులిపితే అయిందన్న ముచ్చట వాడంతా పాకింది. ఈ రోజుకీ అత్తగారింట్లో కూలరు ఆగినా, ఫ్యాను మూలిగినా "బావకు చూపకుర్రి, ఉన్నది గూడ పోతది" అంటారు. అనేది ఎవరనుకున్నారు? లెక్కల సారుగా పనిచేస్తున్న మా బావమరిది. నిజం చెప్పి పరువు రాబట్టుకుందామని నాకు చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అప్పుడు అత్తమ్మ ముఖం వంక చూస్తాను (ఇప్పుడు చూడనిస్తుంది), ఊరుకుంటాను.

మొన్నామధ్య వెళ్తే అత్తమ్మ తన సెల్‌ఫోన్ నా చేతిలో పెట్టింది. "కొడుకా, గిది సప్పుడు జేస్తలేదు. ఇంకెవలకియ్య, నువ్వే సూడు" అన్నది. నాకు సెల్‌ఫోన్ల గురించి ఓనమాలు రావు. అయినా కళ్లజోడు పైకి తోసి, ముక్కు గోక్కొని, "ఊఁ" అని జేబులో వేసుకొచ్చి, కామారెడ్డి బస్టాండు దగ్గరి షాపులో బాగు చేయించాను. తీసుకెళ్లి ఇచ్చి, నేనే చేశానని చెప్పాను. నెత్తి నెరిసిన వయసులో ఈ దొంగ వేషం నాకే నవ్వు తెప్పించింది గానీ, ఆ ఒక్క మనిషి దగ్గర మాత్రం నా ఇంజనీరు ఉద్యోగం ఊడగొట్టుకోవడం ఇష్టం లేదు. ఆమె ఫోన్ చెవికి పెట్టుకొని, వినిపించగానే ముఖమంతా వెలిగిపోయి, "సూసిండ్రా, మా అల్లుడు ఎంత పనిమంతుడో" అని ఇంట్లో అందరికీ వినిపించేలా అన్నది.

"ఎవలు? గీయననా?" అన్నాడు మామ మంచం మీద నుంచి, ససేమిరా నమ్మకుండా. అప్పటి సంగతి ఎట్లా ఉన్నా, ఈసారి మాత్రం మామ మాటే నిజం.