నాన్న ముందు ఎర్ర బల్బు

రేగుపండంత బల్బుతో ఒక ఇల్లంతా చీకటి చేయొచ్చని నిరూపించిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వితే నవ్వండి, నాకైతే ఇంకా నవ్వు రావడం లేదు.

నాన్న పోయాక ఆయన పాత జీపు నాకు దక్కింది. స్టీరింగు పక్కన ఆయన ఫోటో అతికించి, ముందు ఎర్ర బల్బొకటి పెట్టాను. తాళం తీయగానే ఆరిపోయే దీపం కన్నతండ్రికి పెడతామా? అందుకని తీగ నేరుగా బ్యాటరీకే కలిపాను. నరసరావుపేట మొత్తంలో నా అంత పితృభక్తుడు లేడనుకున్నాను.

అప్పట్నుంచీ జీపు ఓ రాత్రి కదలకుండా ఉంటే చాలు, పొద్దున్నే మూలిగేది. బ్యాటరీ మార్చినా అంతే. బొల్లాపల్లిలో మామగారేమో మంచాన పడి ఉన్నారు. ఏ క్షణాన కబురొచ్చినా జీపులో తీసుకెళ్తానని నా భార్య కోటేశ్వరికి మాటిచ్చాను. అందుకే మెకానిక్ సుభానిని పిలిచాను. అతను ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే పీకి చూశాడు. అయినా కరెంటు ఎటో పోతూనే ఉంది.

"కొత్తగా ఏమన్నా వైరు లాగావా అన్నా?"

"లేదు," అన్నాను. అబద్ధం కాదండీ, నా లెక్కలో దీపం వైరు కాదు. అతని చెయ్యి ఫోటో వైపు వెళ్ళింది. "అటు పెట్టమాక, నాన్న ఉన్నాడు," అన్నాను. పాపం, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

హారన్ను అనుమానించాం. రేడియోను అనుమానించాం. నేనైతే ఎదురింటి బాబాయి దిష్టిని కూడా అనుమానించి నిమ్మకాయలు కట్టాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను రోజూ ఆ పిల్లకు దణ్ణం పెట్టుకుని మరీ వెతికాను.

ఒకరోజు తెల్లవారగానే కబురొచ్చింది, మామగారు కూతుర్నే కలవరిస్తున్నారని. తాళం తిప్పితే టక్కుమంది, అంతే. తోయించినా లేవలేదు. నాన్న ముందు బల్బు మసకబారి ఉంది. "అపశకునం," అన్నాను. కోటేశ్వరి బావురుమంది. వినుకొండలో బస్సు మారి వెళ్ళేసరికి వాకిట్లో నిప్పు రాజేసి ఉంది. మామగారు లేరు.

పెద్దకర్మ అయ్యాక ఇంటికొచ్చి, బ్యాటరీకి ఛార్జింగు పెట్టించి జీపును మళ్ళీ లేపాను. ఇద్దరం ఎటో వెళ్ళొచ్చి ఆగాక, తాళం తీసి కోటేశ్వరి చేతికిచ్చాను. ఆమె దిగలేదు.

"ఏందయ్యా, తాళం నా చేతిలో ఉంది గదా. మరి ఈ దీపం ఎట్టా వెలుగుతా ఉంది?"

నేను దిగి, బానెట్ ఎత్తి, నా చేత్తో కలిపిన తీగను బ్యాటరీ నుంచి పీకేశాను.

"మీ నాయన ముందు దీపం ఆరనీయలేదు. మా నాయన నాకోసం చూసీ చూసీ పోయాడు," అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఇప్పుడు అక్కడ ఇద్దరి ఫోటోలున్నాయి, బల్బు లేదు. జీపు తాళం తిప్పగానే లేస్తోంది. అంత తొందరగా వెళ్ళాల్సిన చోటే లేదు. ఆ ఇద్దరు పెద్దల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ దీపానికి దణ్ణం పెట్టినా, ముందు వంగి దాని తీగ ఎటు పోయిందో చూస్తాను.

మొన్న గుళ్ళో అలాగే వంగి వెతుకుతుంటే పూజారి చూశాడు.

"ఏం పోగొట్టుకున్నావు నాయనా?"

"మామగారిని," అన్నాను.